సింథటేజ్ జన్యువులు చదవడం – 6వ పాఠం: అతుకు దగ్గర తెగిన కోడాన్

అమైనో ఆమ్లాన్ని రైబోసోమ్ దగ్గరికి మోసేది టీ-ఆర్ఎన్ఏ; ఆ టీ-ఆర్ఎన్ఏకు సరైన అమైనో ఆమ్లాన్ని తగిలించే ఎంజైమే సింథటేజ్. పోయిన పాఠం చివర హిస్టిడిన్ సింథటేజ్ జన్యువైన హెచ్ఏఆర్ఎస్1 పటం గీసి పంపమన్నాను. హన్మకొండ, జమ్మికుంట, పెద్దపల్లి, జగిత్యాల, మంచిర్యాల నుంచి వచ్చాయి, అటు ఆసిఫాబాద్ నుంచి కూడా వచ్చాయి. డిగ్రీ పిల్లలు, పీజీ ఎంట్రన్స్‌కు చదివేవాళ్లు, ఒకరిద్దరు జూనియర్ లెక్చరర్లు కూడా పెన్సిల్ పట్టారు. చాలా సంతోషం. అయితే పటాలన్నీ బల్ల మీద పరిచి చూస్తే దాదాపు అందరూ ఒకే చోట జారారు. ఈసారి ఎడిటింగ్ డొమైన్ల (తప్పుగా తగిలిన అమైనో ఆమ్లాన్ని తీసేసే ఎంజైమ్ భాగాల) గురించి చెబుతానన్నాను కదా, అది వచ్చే పాఠానికి పోతుంది. ఈ అతుకుల, అంటే ఒక ఎక్సాన్ ఇంకో ఎక్సాన్‌తో కలిసే చోట్ల, సంగతి తేలకుండా ముందుకు పోతే తర్వాత అంతా ఆగమాగమే.

జమ్మికుంట నుంచి వచ్చిన ఒక పటం చెప్తా. లాంగ్ నోట్‌బుక్ రెండు పేజీలు కలిపి, స్కేలు పెట్టి గీసిన 13 డబ్బాలు. అన్నీ ఒకే వెడల్పు. అన్నీ ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో నిండుగా నింపారు. మొదటి పన్నెండు డబ్బాల కింద 39 అని, చివరి దాని కింద 41 అని రాశారు. ఎక్కడిదీ 39? ప్రొటీన్‌లో 509 అమైనో ఆమ్లాలు, ఎక్సాన్లు 13. భాగిస్తే 39, మిగిలిన రెండూ చివరి డబ్బాకు. గీత చక్కగా ఉంది, భాగహారం కూడా సరిగ్గానే ఉంది. కానీ ఆ భాగహారం కింద ఒక నమ్మకం ఉంది: ఎక్సాన్ అంటే ప్రొటీన్‌లో ఒక ముక్క అని, ఒక్కో ఎక్సాన్ ఇన్ని అమైనో ఆమ్లాలను పూర్తిగా ఇస్తుందని. ఈ నమ్మకం మీద నాకు కోపం. ఇది మీరు పుట్టించింది కాదు, గైడ్లలో బొమ్మలు అట్లనే ఉంటాయి. ఎక్సాన్ అంటే కత్తిరింపులు అయిపోయాక ఎం-ఆర్ఎన్ఏలో మిగిలే ముక్క, అంతే. అందులో ప్రొటీన్‌కు పనికొచ్చే అక్షరాలు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉన్నా అవి మూడేసి చొప్పున సరిగ్గా సరిపోవాలని ఎవరూ రాసివ్వలేదు.

అసలు పాఠంలోకి పోయేముందు, వచ్చిన ప్రశ్నల్లో మూడింటికి జవాబు ఇస్తాను.

"మేడమ్, జన్యువు 17 వేల అక్షరాలకు పైన ఉంది. మూడుతో భాగిస్తే 509 ఎట్ల వస్తది?" రాదు. ఆ 17 వేలలో ఎక్కువ భాగం ఇంట్రాన్లదే, అంటే కత్తిరింపులో పోయే ముక్కలదే. ఒక అమైనో ఆమ్లానికి మూడు అక్షరాలు, ఆ మూడింటినీ కలిపి కోడాన్ అంటాం. ప్రొటీన్ మొదలయ్యే కోడాన్ ఏటీజీ నుంచి ఆపు కోడాన్ దాకా ఉండేది 1530 అక్షరాలు: 509 కోడాన్లు, ఒక ఆపు. ఎప్పుడైనా ముందు ప్రొటీన్ పొడవు చూడండి, దాన్ని మూడుతో హెచ్చించి మూడు కలపండి. ఆ అంకెను పటం పైన మూలన రాసి పెట్టుకోండి. చివర్లో ఎక్సాన్ల కోడింగ్ అక్షరాలన్నీ కూడితే అదే రావాలి. రాకపోతే ఎక్కడో జారినట్టే. నేను ఈ అంకె రాయని పటం దిద్దను.

"హెచ్ఏఆర్ఎస్1 అమ్మ నుంచి, హెచ్ఏఆర్ఎస్2 నాన్న నుంచి వచ్చిందా?" కాదు. ఈ కుటుంబంలో 1 అంటే కణద్రవ్యంలో పనిచేసే ఎంజైమ్ జన్యువు, 2 అంటే మైటోకాండ్రియాలో పనిచేసే ఎంజైమ్ జన్యువు. రెండూ వేర్వేరు జన్యువులు. ఒక్కోటికీ అమ్మ వైపు ఒకటి, నాన్న వైపు ఒకటి ఉంటాయి. పేరులో మొదటి అక్షరం అమైనో ఆమ్లం సంకేతం: హెచ్ అంటే హిస్టిడిన్, కే అంటే లైసిన్, డబ్ల్యూ అంటే ట్రిప్టోఫాన్, డీ అంటే ఆస్పార్టిక్ ఆమ్లం. ఈ ఇరవై సంకేతాలు నోటికి రావాల్సిందే, దీనికి దగ్గరి దారి లేదు.

మూడోది దిశ, జన్యువును ఎటు నుంచి ఎటు చదవాలని. హెచ్ఏఆర్ఎస్1 అయిదో క్రోమోజోమ్ మీద 5క్యూ31 అనే చోట ఉంది, రిఫరెన్స్‌కు (అందరూ పోల్చి చూసే ప్రామాణిక డీఎన్ఏ వరుసకు) వ్యతిరేక తంతు మీద. పక్కనే ఉన్న హెచ్ఏఆర్ఎస్2 ముందు తంతు మీద. రెండింటి తలలూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి, మధ్యలో ట్రాన్‌స్క్రిప్షన్‌ను మొదలుపెట్టించే ప్రమోటర్ ఇద్దరిదీ ఒకటే. కాజీపేట జంక్షన్ నుంచి ఒక బండి సికింద్రాబాద్ వైపు, ఇంకోటి వరంగల్ మీదుగా ఖమ్మం వైపు బయల్దేరినట్టు, అక్కణ్నుంచి ట్రాన్‌స్క్రిప్షన్ రెండు వైపులా పోతుంది. కాబట్టి హెచ్ఏఆర్ఎస్1కు మొదటి ఎక్సాన్ పెద్ద అంకె దగ్గర ఉంటుంది, పదమూడోది చిన్న అంకె దగ్గర. కొందరు అంకెల వరుస చూసి పదమూడో ఎక్సాన్‌నే మొదటిదిగా గీశారు. నా పద్ధతి ఏమంటే, జన్యువు ఏ తంతు మీదున్నా కాగితం మీద ఎడమ నుంచి కుడికే గీస్తాను, మూలన ఒక చిన్న బాణంతో తంతు గుర్తు వేస్తాను. తిప్పి గీయకండి, కళ్లు తికమక పడతాయి. ఇంకో సంగతి కూడా చూడండి: రెండు జన్యువుల్లోనూ ఎక్సాన్లు పదమూడే. కానీ హెచ్ఏఆర్ఎస్2 మొత్తం పొడవు హెచ్ఏఆర్ఎస్1లో సగం కూడా లేదు. ఒకే పూర్వ జన్యువు రెండుగా అయ్యాక ఎక్సాన్లు నిలిచాయి, ఇంట్రాన్లు ఎవరి దారిన అవి పెరిగాయి, తరిగాయి.

ఇక అతుకులు.

ఇంట్రాన్ జీటీతో మొదలై ఏజీతో ముగుస్తుందని, స్ప్లైసియోసోమ్ దాన్ని తీసేసి అటు ఇటు ఎక్సాన్లను కలుపుతుందని మీకు తెలుసు. అది మళ్లీ చెప్పను. స్ప్లైసియోసోమ్‌కు కోడాన్లతో పని లేదు, అది ఆ గుర్తులు మాత్రమే చూస్తుంది. మూడేసి చొప్పున చదివేది రైబోసోమ్, అదీ కణద్రవ్యంలో, కత్తిరింపులన్నీ అయిపోయాక. కాబట్టి కోడాన్ మధ్యలో తెగి, ఒక అక్షరం ఈ ఎక్సాన్ చివర, రెండు అక్షరాలు అవతలి ఎక్సాన్ మొదట ఉండటం మామూలు సంగతి.

పాఠం కోసం ఒక చిన్న జన్యువు తయారుచేశాను. ఇది ఏ మనిషిలోనూ లేదు, లెక్క నేర్చుకోవడానికే.

మొదటి ఎక్సాన్: ఏటీజీజీసీటీఏఏఏజీ
రెండో ఎక్సాన్: ఏటీసీటీజీఏఏసీసీఏ
మూడో ఎక్సాన్: సీజీజీటీటీఏఏ

మీలో చాలామంది చేసినట్టు, రెండో ఎక్సాన్‌ను దాని మొదటి అక్షరం నుంచే మూడేసి చొప్పున చదవండి. ఏటీసీ, ఐసోల్యూసిన్. తర్వాత టీజీఏ. అంటే ఆపు. ప్రొటీన్ అక్కడే ముగిసింది! ఇట్లా వచ్చినప్పుడే ఒకరు "మేడమ్, డేటాబేస్‌లో తప్పుంది" అని రాశారు. డేటాబేస్‌లో తప్పు లేదు. మూడో ఎక్సాన్‌ను విడిగా చదివితే సీజీజీ, టీటీఏ, చివర ఒక ఏ. ఆర్జినిన్, ల్యూసిన్, ఆపే లేదు. రెండూ ఎక్కడా లేని ప్రొటీన్లు.

ఇప్పుడు కలిపి చదవండి: ఏటీజీ జీసీటీ ఏఏఏ జీఏటీ సీటీజీ ఏఏసీ సీఏసీ జీజీటీ టీఏఏ. మెథియోనిన్, అలనిన్, లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, ల్యూసిన్, ఆస్పరజిన్, హిస్టిడిన్, గ్లైసిన్, ఆపు. ఆస్పార్టిక్ ఆమ్లం కోడాన్ జీఏటీ చూడండి. దాని జీ మొదటి ఎక్సాన్‌ది, ఏటీ రెండో ఎక్సాన్‌ది. ఆ అమైనో ఆమ్లం ఏ ఎక్సాన్‌ది అని అడిగితే రెండింటిదీ. హిస్టిడిన్ కూడా అంతే: సీఏ రెండో దానిది, చివరి సీ మూడో దానిది.

కోడాన్ ఎక్కడ తెగిందో చెప్పే అంకెనే ఇంట్రాన్ ఫేజ్ అంటారు. రెండు కోడాన్ల మధ్య సరిగ్గా తెగితే ఫేజ్ 0. కోడాన్ మొదటి అక్షరం తర్వాత తెగితే ఫేజ్ 1. రెండో అక్షరం తర్వాత తెగితే ఫేజ్ 2. మన జన్యువులో మొదటి ఇంట్రాన్ ఫేజ్ 1, రెండో ఇంట్రాన్ ఫేజ్ 2.

లెక్క ఒక్క గీతే: ఏటీజీలోని ఏ నుంచి ఆ అతుకు దాకా ఉన్న అక్షరాలన్నీ కూడి మూడుతో భాగించండి, శేషమే ఫేజ్. మొదటి అతుకు దగ్గర 10, శేషం 1. రెండో అతుకు దగ్గర 20, శేషం 2. శేషాన్ని అతుకు మీద చిన్న సున్నాలో రాయండి. నేను ఎర్ర పెన్ను వాడేది ఈ ఒక్కదానికే.

ఏటీజీలోని ఏ నుంచి అన్నాను. ఎక్సాన్ మొదటి అక్షరం నుంచి అనలేదు. దీని గురించి మూడో పాఠంలో ఒకసారి, నాలుగో పాఠంలో ఒకసారి చెప్పాను, మళ్లీ చెప్తున్నాను. మొదటి ఎక్సాన్‌లో ఏటీజీకి ముందు, అనువాదం కాని భాగం ఉంటుంది. మన చిన్న జన్యువులో ఏటీజీకి ముందు 40 అక్షరాలు ఉన్నాయనుకోండి. ఎక్సాన్ మొదలు నుంచి లెక్కపెట్టినవాళ్లకు అతుకు దగ్గర 50 వస్తుంది. మూడుతో భాగిస్తే శేషం 2. ఫేజ్ 2 అని రాస్తారు, తప్పు. అదే ముందు భాగం 42 అక్షరాలైతే 52 వస్తుంది, శేషం 1. జవాబు సరైనదే వచ్చింది, పద్ధతి తప్పు. ఇది మొదటిదానికంటే ప్రమాదం, ఎందుకంటే ఆ రోజు మార్కు పడుతుంది, తర్వాతి జన్యువులో మునుగుతారు. కొన్ని జన్యువుల్లో మొదటి ఎక్సాన్ మొత్తం అనువాదం కాని భాగమే, ఏటీజీ రెండో ఎక్సాన్‌లో ఉంటుంది. అప్పుడు మొదటి అతుకుకు ఫేజే లేదు, అక్కడ గీత పెట్టండి. సున్నా పెట్టకండి. సున్నాకు అర్థం వేరు. డబ్బాలు గీసేటప్పుడు కోడింగ్ భాగాన్నే నింపండి, అనువాదం కాని భాగాన్ని సన్నగా, ఖాళీగా వదలండి. అటు చివర ఆపు కోడాన్ తర్వాత భాగం కూడా అంతే. ఆకుపచ్చ స్కెచ్ పెన్ను ఈసారి పక్కన పెట్టండి, రంగు కంటే ఖాళీ ఎక్కువ చెప్తుంది.

ఎన్సెంబుల్ అనే జన్యు డేటాబేస్‌లో జన్యువు తెరిచి ఎక్సాన్ల పట్టిక చూస్తే ప్రతి ఎక్సాన్‌కు మొదటి ఫేజ్, చివరి ఫేజ్ అని రెండు నిలువు వరుసలు ఉంటాయి. మన లెక్క దానితో సరిపోతుంది. కానీ ఎన్‌సీబీఐ అనే ఇంకో డేటాబేస్ నుంచి జీఎఫ్ఎఫ్ ఫైల్ (జన్యువు ముక్కల పట్టిక) దించుకున్నవాళ్లకు లొల్లి అక్కడే. ఆ ఫైల్‌లో ఫేజ్ అంటే, ఈ ముక్క మొదట్లో ఎన్ని అక్షరాలు వదిలేస్తే తర్వాతి కోడాన్ మొదలవుతుంది అని. మన రెండో ఎక్సాన్ మొదట్లో ఏటీ అనే రెండు అక్షరాలు వెనకటి కోడాన్‌వి, వాటిని వదలాలి, అందుకని అక్కడ 2 అని ఉంటుంది. మన లెక్కలో అది 1. మూడో ఎక్సాన్‌కు జీఎఫ్ఎఫ్‌లో 1, మన లెక్కలో 2. సున్నా మాత్రం రెండు చోట్లా సున్నాయే. ఒకటి, రెండు తారుమారు అవుతాయన్నమాట. ఏ పద్ధతిలో రాస్తున్నారో పటం కింద రాయండి. నాకు ఇంట్రాన్ ఫేజే ఇష్టం, ఈ పాఠాలన్నిటిలో అదే వాడతాను. ఇంకొకటి, ఒక జన్యువు కింద ట్రాన్‌స్క్రిప్టులు పది పన్నెండు కనిపించి పరేషాన్ అయినవాళ్లు మేన్ సెలెక్ట్ (ఆ జన్యువుకు ప్రామాణికంగా ఎంచినది) అని గుర్తున్న ఒక్కదాన్నే తీసుకోండి. మిగతావాటి జోలికి ఇప్పుడే పోవద్దు.

ఫేజ్ ఎందుకు ఇంత పట్టించుకోవాలి? ఎక్సాన్ ఒకటి జారిపోయినప్పుడు ఏమవుతుందో ఇదే చెప్తుంది కాబట్టి. మన జన్యువులో రెండో ఎక్సాన్ తీసేయండి. ఒకటి, మూడు కలుస్తాయి: ఏటీజీ జీసీటీ ఏఏఏ జీసీజీ జీటీటీ ఏఏ. లైసిన్ తర్వాత అలనిన్, వాలిన్, ఆపు కోడాన్ చెదిరిపోయింది, రైబోసోమ్ అవతలి భాగంలోకి చదువుకుంటూ పోతుంది. రెండో ఎక్సాన్ పొడవు 10, మూడుతో పోదు. దాని ముందు ఫేజ్ 1, వెనక ఫేజ్ 2, పొంతన లేదు.

ఇప్పుడు ఒకే ఒక్క మార్పు చేద్దాం. రెండో ఎక్సాన్ చివరి ఏ ను మూడో ఎక్సాన్ మొదటికి జరపండి. ఎం-ఆర్ఎన్ఏలో ఒక్క అక్షరం కూడా మారలేదు, ప్రొటీన్ మారలేదు, అతుకు మాత్రం ఒక అడుగు జరిగింది. రెండో ఎక్సాన్ ఇప్పుడు 9 అక్షరాలు, ముందు వెనక రెండూ ఫేజ్ 1. దీన్ని తీసేస్తే: ఏటీజీ జీసీటీ ఏఏఏ జీఏసీ జీజీటీ టీఏఏ. మెథియోనిన్, అలనిన్, లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం, గ్లైసిన్, ఆపు. ల్యూసిన్, ఆస్పరజిన్, హిస్టిడిన్ మూడూ పోయాయి, మిగతాదంతా నిలబడింది. ఒకే ప్రొటీన్, ఒకే ఎం-ఆర్ఎన్ఏ, అతుకు ఒక్క అక్షరం జరిగినందుకు ఎక్సాన్ జారితే జరిగే నష్టం ఇంత తేడా. డబ్బా కింద 39 అని రాసిన పటంలో ఇది కనిపించే దారే లేదు.

నిజమైన మనుషుల్లో ఇది ఎట్లా ఉంటుందో డీఏఆర్ఎస్2 చూపిస్తుంది. మైటోకాండ్రియాలో ఆస్పార్టిక్ ఆమ్లాన్ని దాని టీ-ఆర్ఎన్ఏకు తగిలించే ఎంజైమ్ జన్యువు ఇది. మెదడు తెల్ల పదార్థం, మెదడు కాండం, వెన్నుపాము దెబ్బతిని, లాక్టేట్ పెరిగే ఎల్బీఎస్ఎల్ అనే వ్యాధికి ఈ జన్యువులోని మార్పులే కారణమని 2007లో తేలింది. ఎక్కువ మంది రోగుల్లో కనిపించే మార్పు ప్రొటీన్ రాసే అక్షరాల్లో లేదు. రెండో ఇంట్రాన్ చివరి దగ్గర ఉంది. ఆ మార్పును రిపోర్టుల్లో "సీ.228−21, −20" అని రాస్తారు: అక్కడి రెండు టీలు పోయి ఒక సీ వచ్చి చేరింది.

ఈ అంకెలను నెమ్మదిగా చదవండి. సీ చుక్క అంటే కోడింగ్ లెక్క, ఏటీజీలోని ఏ కు 1. నేను నెత్తి నోరు కొట్టుకునే లెక్క ఇదే, ప్రపంచంలోని ల్యాబులన్నీ ఇట్లనే రాస్తాయి. 228 అంటే మూడో ఎక్సాన్ మొదటి అక్షరం. మైనస్ 20 అంటే దానికి ముందున్న ఇంట్రాన్‌లో 20 అక్షరాలు వెనక్కి. ఇంట్రాన్ చివరి ఏజీకి ముందు సీలు, టీలు వరుసగా ఉండే చోటు ఒకటుంటుంది, స్ప్లైసియోసోమ్ ఆ వరుసను చూసే వచ్చే ఎక్సాన్‌ను గుర్తుపడుతుంది. ఆ వరుస కాస్త పొట్టిదవడంతో మూడో ఎక్సాన్ చాలాసార్లు జారిపోతుంది, రీడింగ్ ఫ్రేమ్ (మూడేసి చొప్పున చదివే వరుస) చెదిరి కొద్ది దూరంలోనే ఆపు కోడాన్ తగులుతుంది. అన్నిసార్లూ జారదు. కొన్ని ఎం-ఆర్ఎన్ఏలు సరిగ్గానే తయారవుతాయి, ఆ కొద్దిపాటి ఎంజైమ్‌తోనే బతుకు సాగుతుంది.

మొదటి రెండు ఎక్సాన్లలో కోడింగ్ అక్షరాలు 227 అన్నమాట. మూడుతో భాగిస్తే 75, శేషం 2. రెండో ఇంట్రాన్ ఫేజ్ 2. 76వ కోడాన్‌కు మొదటి రెండు అక్షరాలు రెండో ఎక్సాన్‌లో, మూడోది మూడో ఎక్సాన్‌లో. డేటాబేస్ తెరవకుండానే, ఒక్క రిపోర్టు లైను నుంచి ఇంత తెలిసింది. మీలో కొందరు రేపు హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల, పరిశోధనల సంస్థ) లాంటి చోట చేరతారు, ఇంకొందరు ఆసుపత్రి ల్యాబుల్లో. ఇట్లాంటి లైను పట్టుకుని ఒక తల్లి మీ ముందు కూర్చుంటుంది. అప్పుడు ఆ అంకెలు మీకు మాట్లాడాలి. అందుకే ఈ పట్టు.

ఇప్పుడు పోయినసారి "మొత్తం ఎన్ని సింథటేజ్ జన్యువులు?" అని అడిగినదానికి వద్దాం. 20 అమైనో ఆమ్లాలు, రెండు చోట్లు, కాబట్టి 40 అని చాలామంది రాశారు. జవాబు 37. తేడా ఎక్కడ వచ్చింది? కణద్రవ్యం వైపు గ్లుటామిక్ ఆమ్లానికి, ప్రోలిన్‌కు కలిపి ఈపీఆర్ఎస్1 అనే ఒకే జన్యువు, 1512 అమైనో ఆమ్లాల పొడుగు ప్రొటీన్, రెండు ఎంజైములూ అందులోనే. అక్కడ ఒకటి తగ్గింది. ఫినైల్ అలనిన్‌కు ఎఫ్ఏఆర్ఎస్ఏ, ఎఫ్ఏఆర్ఎస్‌బీ అని రెండు జన్యువులు కలిస్తేనే ఒక ఎంజైమ్. అక్కడ ఒకటి పెరిగింది. కాబట్టి ఇటు 20. మైటోకాండ్రియా వైపు గ్లైసిన్‌కు, లైసిన్‌కు విడి జన్యువులు లేవు, గ్లుటమిన్‌కు ఎంజైమే లేదు. అక్కడ ఈఏఆర్ఎస్2 ముందు గ్లుటమిన్ టీ-ఆర్ఎన్ఏకు గ్లుటామిక్ ఆమ్లాన్ని తగిలిస్తుంది, తర్వాత ఇంకో ఎంజైమ్ దాన్ని గ్లుటమిన్‌గా మారుస్తుంది. అందుకని అటు 17. టీఏఆర్ఎస్3 అని ఇంకో జన్యువు ఉంది, ఈ లెక్కలో కలపడం లేదు. మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ 16,569 అక్షరాలు ఉన్నా అందులో 13 ప్రొటీన్లు, 22 టీ-ఆర్ఎన్ఏలు, 2 రైబోసోమల్ ఆర్ఎన్ఏలకే చోటు. ఈ 17 ఎంజైముల జన్యువులూ కేంద్రకంలోనే ఉన్నాయి.

మరి గ్లైసిన్, లైసిన్ ఎంజైములు ఒకే జన్యువు నుంచి రెండు చోట్లకు ఎట్లా పోతాయి? ఇక్కడ కూడా అందరూ "ప్రత్యామ్నాయ స్ప్లైసింగ్" (ఒకే జన్యువు ఎక్సాన్లను వేర్వేరుగా అతకడం) అని ఒకటే రాశారు. ఒకదానికే అది వర్తిస్తుంది.

కేఏఆర్ఎస్1లో అవును, స్ప్లైసింగే. మొదటి ఎక్సాన్ నేరుగా మూడోదానికి అతికితే కణద్రవ్యం ఎంజైమ్, 597 అమైనో ఆమ్లాలు. మధ్యలో రెండో ఎక్సాన్ నిలిస్తే మైటోకాండ్రియా ఎంజైమ్, 625. వెనక 576 అమైనో ఆమ్లాలు రెండింట్లో ఒకటే. ముందు భాగం ఒకదానిలో 21, ఇంకోదానిలో 49, ఆ 49లోనే మైటోకాండ్రియాకు పోయే చిరునామా ఉంది.

జీఏఆర్ఎస్1లో స్ప్లైసింగ్‌తో పనే లేదు. మొదలుపెట్టే ఏటీజీలు రెండు. మొదటి దానినుంచి చదివితే 739 అమైనో ఆమ్లాలు, ముందున్న చిరునామాతో మైటోకాండ్రియాకు పోతుంది. రెండోది అదే ఫ్రేమ్‌లో 55వ కోడాన్. అక్కణ్నుంచి మొదలైతే 685, కణద్రవ్యంలోనే ఉంటుంది. ఈ జన్యువులో మార్పులు చార్కో-మరీ-టూత్ రకం 2డీ అనే నరాల వ్యాధి తెస్తాయని 2003లో కనుగొన్నారు. ఎక్కువగా చేతుల్లో ముందు పట్టు పోతుంది. ఇట్లాంటి జన్యువులో ఎక్సాన్ల పటం ఎంత బాగా గీసినా రెండు ఎంజైములు కనబడవు. రెండు ఏటీజీల దగ్గరా చిన్న జెండా గుర్తు పెడితేనే కనబడతాయి.

డబ్ల్యూఏఆర్ఎస్1 సంగతి ఒక్క మాటలో: పూర్తి ప్రొటీన్ 471 అమైనో ఆమ్లాలు, స్ప్లైసింగ్ వల్ల ముందు 47 లేని పొట్టి రూపం కూడా వస్తుంది, ఇంటర్‌ఫెరాన్ గామా (రోగనిరోధక కణాలు వదిలే సంకేత ప్రొటీన్) తగిలితే ఈ జన్యువు జోరందుకుంటుంది. వివరాలు ఎనిమిదో పాఠంలో.

ఈసారి అభ్యాసం. కాగితం, పెన్సిల్ చాలు. అనువాదం చేసిపెట్టే టూల్స్ తెరవొద్దు. మొదటిది తేలిక: హెచ్ఏఆర్ఎస్1 పటాన్ని మళ్లీ గీయండి, ఈసారి 12 అతుకుల మీదా శేషం రాసి, మూలన 1530 రాసి. రెండోది: జీఏఆర్ఎస్1లో 30వ కోడాన్ దగ్గర ఒక అక్షరం ఎగిరిపోతే ఏ ఎంజైమ్ దెబ్బతింటుంది, ఏది క్షేమం? 300వ కోడాన్ దగ్గర ఎగిరిపోతే?

మూడోది కష్టం. కనీసం ఒక గంట కూర్చోండి. డీఏఆర్ఎస్2లో మూడో ఎక్సాన్ జారిపోయినప్పుడు ప్రొటీన్‌లో 76వ స్థానంలో ఆర్జినిన్ బదులు సెరిన్ వస్తుంది, దాన్ని ఒకటిగా లెక్కపెడితే అయిదో చోట ఆపు కోడాన్ వస్తుంది. 76వ కోడాన్ ఫేజ్ 2 అతుకు మీద తెగిందని పైన చూశాం. ఈ రెండు సంగతులు, జెనెటిక్ కోడ్ పట్టిక, ఇవే మీ చేతిలో ఉన్నవి. వీటినుంచి చెప్పాల్సినవి: రెండో ఎక్సాన్ చివరి రెండు అక్షరాలు ఏవి? మూడో ఎక్సాన్ మొదటి అక్షరం ఏ రెండింటిలో ఒకటి? నాలుగో ఎక్సాన్ మొదటి అక్షరం ఏ రెండింటిలో ఒకటి? మూడో ఎక్సాన్ పొడవు మూడుతో పోతుందా, పోదా, ఎందుకు? ఆర్జినిన్‌కు ఆరు కోడాన్లు, సెరిన్‌కు ఆరు. రెండు పట్టికలూ పక్కపక్కన రాసుకుని మొదలుపెట్టండి. జవాబుతో పాటు దారి కూడా రాయండి, దారి లేని జవాబు దిద్దను. అంతా అయ్యాకే ఎన్సెంబుల్ తెరిచి సరిచూసుకోండి.